ఆపరేషన్ తుత్తునాగం

"అమెరికా తూర్పు తీరంలో సగం రాష్ట్రాల కరెంటు ఒక ముసలాయన నోట్లో ఉంది."

ఆ మాట అన్నది ఆదిశేషు. కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో ఓ చిన్న యూనిట్‌కి చీఫ్. షాంటిలీలో ఇండియన్ గ్రోసరీ పక్కనున్న కార్పెట్ క్లీనింగ్ షాపు వెనకగది ఆయన ఆఫీసు. ముందు గదిలో నిజంగానే కార్పెట్లు శుభ్రం చేస్తారు. గోడ అవతల నుంచి రోజంతా కరివేపాకు వాసన వస్తూ ఉంటుంది. ఇవతల చావు కబురు వచ్చినా ఆ వాసన ఆగదు.

ఆ ఉదయం వచ్చింది చావు కబురే.

"లారెన్స్ బెల్," అంటూ స్క్రీన్ మీద ఓ ఫొటో చూపించాడు ఆదిశేషు. "ఓరెగాన్. రిటైర్డ్ ఇంజనీర్. చేపలు పట్టడానికి వెళ్ళి పడవలోంచి పడిపోయాడన్నారు. ఒంట్లో విషం దొరికింది."

ఎదురు కుర్చీలో కూర్చున్న హర్షవర్ధన్ ఫొటో వైపు చూశాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ వాడు. ఫ్రీమాంట్‌లో పుట్టాడు. యూనిట్‌లో ఫీల్డ్ ఏజెంట్.

"ఎవరు చేశారు సార్?"

"ఏ దేశమో ఇంకా తెలీదు. మనం పెట్టుకున్న పేరు ఎకో. విను. బ్లూహారో గ్రిడ్ సిస్టమ్స్ అని ఒక కంపెనీ ఉంది. పవర్ గ్రిడ్ మాస్టర్ స్విచ్ వాళ్ళ దగ్గరుంటుంది. దాన్ని కంపెనీ సీఈఓ కూడా తెరవలేడు. ముగ్గురు మనుషుల గొంతులు కలిస్తేనే తెరుచుకుంటుంది. అందులో ఒకడు బెల్. రెండో ఆవిడ జార్జియాలో మాయమైంది. మూడో మనిషి మన తెలుగాయనే, వీరభద్రరావు గారు. ఇక్కడే, ఈ ఊళ్ళోనే ఉన్నారు."

"గొంతు క్లోన్ చెయ్యడం ఈ రోజుల్లో కాలేజీ పిల్లల పని కదా."

"అందుకే ఎవరూ ఫోన్‌లో మాట్లాడని మాటలు పెట్టారు. ఏ వీడియోలోంచో గొంతు ఎత్తుకొచ్చి ఆ మాటలు తయారు చేస్తే సిస్టమ్ పట్టేస్తుంది. ఆ మనిషే ఆ మాట పలికిన రికార్డింగ్ ఉండాలి. రావు గారు తెలుగు మాటలు పెట్టుకున్నారు. పైకి అంటే నవ్వొచ్చేవి. తుత్తునాగం. గుంటగలగర. బుంగమూతి. బడుద్ధాయి. ఇలాంటివి బోలెడు. సిస్టమ్ ఏ పూట ఏ మూడు అడుగుతుందో తెలీదు."

"తుత్తునాగం అంటే?"

"జింక్. మా తెలుగు మీడియం సైన్స్ పుస్తకంలో ఉండేది. మాస్టారు ఆ మాట అంటే క్లాసంతా నవ్వేది. ఆయన బెత్తం తీసేవాడు. ఆయనకీ నవ్వొచ్చేది."

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, తర్వాత తన్వి వచ్చారు. ఎర్ర ఫ్రేము కళ్ళద్దాలు, నల్ల సిల్క్ షర్టు, వినగానే ఎదుటివాడు తన పాస్‌వర్డ్ చెప్పేసేంత మెత్తని గొంతు. శాన్ రామన్‌లో పెరిగింది. యాడ్స్‌కి వాయిస్ ఇస్తుంది. 'నోటిమాట' అని పాడ్‌కాస్ట్ నడుపుతుంది. రావు గారి చేత వింత మాటలన్నీ పలికించి రికార్డ్ చేసిమ్మని ఎకో వాళ్ళు ఆమెని పెట్టుకున్నారు. ఆమె ఆ పని ఒప్పుకుని, తిన్నగా ఆదిశేషు దగ్గరికి వచ్చింది. రెండు జీతాల మనిషి.

"ప్లాన్ సింపుల్," అన్నాడు ఆదిశేషు. "తన్వి రికార్డ్ చేస్తుంది. ఆడియో ముందు మన దగ్గరికొస్తుంది. చెవికి వినపడని ఒక గుర్తు అందులో కలుపుతాం. తర్వాత వాళ్ళకి పంపుతుంది. వాళ్ళు దాన్ని వాడిన క్షణం అలారం మోగుతుంది. అందరూ దొరుకుతారు."

"రావు గారికి చెబుతున్నాం కదా సార్?"

"చెబితే ఆయన నోటమ్మట మాట సహజంగా వస్తుందా?"

"బెల్‌ని రికార్డింగ్ అయ్యాక చంపారు."

"అందుకే నువ్వు పక్కనుంటావు. సౌండ్ ఇంజనీర్‌గా."

ఎనభై దాటిన మనిషిని, ఆయనకి చెప్పకుండా, ఎరగా కడుతున్నారు. అది తప్పని హర్షకి తెలుసు. కానీ ఎకో వెనక రెండేళ్ళుగా తిరుగుతున్నాడు. చేతికి అందే దూరంలో ఉంది. తల ఊపాడు. ఆ తల ఊపుడు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

* * *

హర్షకి నెరిసిన గడ్డం అతికించారు. చొక్కా కింద పొట్ట కట్టారు. పేరు రాంబాబు, ఊరు నందిగామ. కళ్ళద్దాల్లో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్. మైక్ తగిలించే పొడుగాటి కర్రలో ఉక్కు కడ్డీ. ఏజెన్సీ లాంగ్వేజ్ కోచ్ ఓ పాతిక వాక్యాలు అచ్చంగా నందిగామ యాసలో నేర్పాడు. "అవి దాటి నోరు విప్పావో, కాలిఫోర్నియా బయటపడుతుంది," అని హెచ్చరించాడు. సౌండ్ మనిషి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. అదొక్కటే అదృష్టం.

ఆ ఇంట్లో మొదట ఎదురైంది కామేశ్వరి గారు.

"షూస్ అక్కడ విప్పండి. ఎవరైనా సరే. మొన్న ఫైర్ అలారం చూడ్డానికి వచ్చినవాడి చేత కూడా విప్పించాను."

"విప్పకపోతే ఆవిడే ఫైర్ అవుతుంది," అన్నారు లోపల్నుంచి వీరభద్రరావు గారు. "రండి, రండి. ఏ ఊరు బాబూ మీది?"

"నందిగామండి," అన్నాడు రాంబాబు.

"మాది బాపట్ల. మన పక్కవాడివే."

అలా వరసగా శనివారాలు నడిచాయి. రావు గారు శుక్రవారమే మాటలు వెతికి పెట్టుకునేవారు. ఫామిలీ రూమ్‌లో, మైక్ ముందు, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. ఒక్కో మాట చెప్పడం, దాని వెనక కథ చెప్పడం, మధ్యలో నవ్వడం. గొంతులోంచి కాదు, పొట్టలోంచి మొదలై ముక్కులో తేలే నవ్వు.

"బుంగమూతి," అన్నారు ఒకసారి. అని, ఆగలేక నవ్వారు.

"అంకుల్, సూపర్. నవ్వకుండా ఇంకోసారి ప్లీజ్?" అంది తన్వి. ప్రతి మాటకీ అదే అడిగేది. నవ్వు లేని టేక్ వచ్చేదాకా వదిలేది కాదు.

"నవ్వకుండా ఎలాగమ్మా? ఈ మాట అనాలంటే మూతి ముందుకు రావాలి. మూతి ముందుకొస్తే ఈవిడ గుర్తొస్తుంది."

"ఆఁ, పెళ్ళైనప్పట్నుంచీ నా మూతి మీద పడే బతుకుతున్నారు," అన్నారు కామేశ్వరి గారు వంటింట్లోంచి.

"చూశావా రాంబాబూ? వినపడదంటుంది. తనని అంటే మాత్రం అమెరికా అవతలి ఒడ్డు నుంచి కూడా వినపడుతుంది."

హర్ష నవ్వాడు. అది నటన కాదు. అదే ఇబ్బంది.

వెళ్ళేటప్పుడు కామేశ్వరి గారు పెరుగు డబ్బాలో కందిపొడి కట్టి ఇచ్చేవారు. "ఒంటరివాడివన్నావుగా. అన్నంలో నెయ్యి వేసుకో." రాంబాబు ఒంటరివాడని స్క్రిప్ట్‌లో ఉంది. హర్ష కూడా ఒంటరివాడే. అపార్ట్‌మెంట్‌లో నిలబడి ఆ కందిపొడి అన్నం తినేవాడు. కూర్చుని తినడానికి మనసొప్పేది కాదు, ఎవరి అన్నమో దొంగతనంగా తింటున్నట్టు. 

"మా తెలుగు అసోసియేషన్ వాళ్ళు నేను నోరు తెరిస్తే పార్కింగ్ లాట్‌లోకి పారిపోతారోయ్," అన్నారు రావు గారు మరో శనివారం. "నా మాటలు కావాలని ఇంటికొచ్చి అడిగింది మీరిద్దరే. ఇది మంచి పని. చేస్తూ ఉండండి."

కార్లో తన్వి అద్దంలో లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ, "ఏంటి రాంబాబూ, డల్‌గా ఉన్నావ్?" అంది.

"నీకేం అనిపించట్లేదా?"

"అనిపిస్తే జాబ్ చెయ్యలేం. నువ్వు స్పైవా, మనవడివా?"

హర్ష కారు స్టార్ట్ చేశాడు. తర్వాతి శనివారానికి ఆ ఇంటికి గార్డ్ పెట్టమని ఆదిశేషుని అడిగాడు. "గార్డ్ కనిపిస్తే ఎకో పారిపోతుంది," అన్నాడు ఆదిశేషు. హర్ష రెండోసారి అడగలేదు. అడగకపోవడానికి కారణం ఆదిశేషు కాదని అతనికి తెలుసు.

* * *

ఆఖరి శనివారం, మధ్యాహ్న భోజనాల వేళ రికార్డింగ్ పూర్తయింది. "క్లయింట్ కాల్ ఉంది, రాంబాబు సర్దేస్తాడు అంకుల్," అని తన్వి తొందరగా వెళ్ళిపోయింది. గుమ్మంలో కామేశ్వరి గారి కాళ్ళకి దణ్ణం కూడా పెట్టింది.

హర్ష మైక్ విప్పుతున్నాడు. గాలి చప్పుడు పడకుండా మైక్‌కి తొడిగే బొచ్చు తొడుగు చేతికి బరువుగా తగిలింది. ఉండాల్సిన దానికంటే బరువు. వేళ్ళతో చీల్చాడు. లోపల బటన్ అంత ట్రాన్స్‌మిటర్.

గుర్తు కలిపిన ఆడియో వాళ్ళకి అక్కర్లేదు. మొదటి శనివారం నుంచీ అసలు గొంతే తిన్నగా వెళ్ళిపోతోంది.

"సార్," అన్నాడు గుసగుసగా. "తన్వి వాళ్ళ మనిషి. రికార్డింగ్ అయిపోయింది. అంటే—"

డోర్ బెల్ మోగింది.

రావు గారే తలుపు తీశారు. పసుపు జాకెట్, హెల్మెట్, చేతిలో టాబ్లెట్. "పవర్ కంపెనీ సార్. మీటర్ చెకింగ్. లోపల ప్యానెల్ చూడాలి."

"రండి, రండి. కాఫీ తాగుతారా?" అన్నారు రావు గారు ఇంగ్లీషులో.

వచ్చినవాడు అడుగు లోపల పెట్టబోయాడు.

"షూస్," అన్నారు కామేశ్వరి గారు.

"ఒక్క నిమిషమే మేడమ్."

"షూస్ ఆఫ్, ప్లీజ్." చెయ్యి అడ్డం పెట్టేశారు.

రోజుకి ఇరవై ఇళ్ళు తిరిగే మనిషి అయితే ఈపాటికి జేబులోంచి షూస్ మీద వేసుకునే ప్లాస్టిక్ తొడుగులు తీసేవాడు. వీడు ఆవిడ చేతి వైపు చూశాడు, ఆయన మెడ వైపు చూశాడు. తప్పక వంగాడు. ప్యాంటు అంచు పైకి లేచింది. ఎడమ చీలమండకి కట్టిన పట్టీలో పెన్ను లాంటి సిరంజి.

అది వాడి చేతిలోకి రావడం, హర్ష మైక్ కర్ర తిప్పడం ఒకేసారి జరిగాయి. ఉక్కు కడ్డీ మణికట్టు మీద పడింది. సిరంజి ఎగిరి సోఫా కింద దూరింది. వాడు తలతో హర్ష పొట్టలో కుమ్మాడు. కట్టుకున్న పొట్ట ఈ మిషన్‌లో పనికొచ్చింది అప్పుడే. ఇద్దరూ షూ ర్యాక్ మీద పడ్డారు. చెప్పులు వానలా రాలాయి. మోకాలు వాడి వీపు మీద ఆనించి, హర్ష నడుం వెనక నుంచి బేడీలు తీసి వేశాడు.

ఊడిన గడ్డం ఓ పక్కకి వేలాడుతోంది. ఇంట్లో కుక్కర్ చప్పుడు తప్ప ఏం లేదు.

"రాంబాబూ," అన్నారు రావు గారు మెల్లగా. "సౌండ్ ఇంజనీర్లకి బేడీలు కూడా ఇస్తున్నారా?"

హర్ష బ్యాడ్జ్ చూపించాడు. ఇంకేం మిగల్లేదు చూపించడానికి.

అదే క్షణంలో రావు గారి ఫోన్ మోగింది. కంపెనీ యాప్. స్క్రీన్ మీద ఎర్రక్షరాలు. *మీ గొంతుతో స్విచ్ తెరిచే ప్రయత్నం విఫలమైంది.*

* * *

బ్లూహారోలో వాయిస్ సెక్యూరిటీ చూసే ప్రణవి లైన్లోకి వచ్చింది. చిన్నమ్మాయి.

"అంకుల్, మిగతా ఇద్దరి గొంతులూ యాక్సెప్ట్ అయ్యాయి. మీది ఒక్కటే రిజెక్ట్ అయింది. ప్రతి గొంతుకి మూడు ఛాన్సులు. ఒకటి వాళ్ళు వాడేశారు. మీరు వెంటనే ఫ్రీజ్ నొక్కి, అడిగిన మూడు మాటలు చెప్పండి. తెరవడానికి ముగ్గురూ కావాలి, ఆపడానికి మీరొక్కరు చాలు."

"లైన్ కట్ చెయ్యలేరా?" అన్నాడు హర్ష.

"కట్ చేస్తే సిస్టమ్ భయపడి మొత్తం ఆపేస్తుంది. హాస్పిటల్స్, ట్రెయిన్స్, అన్నీ."

రావు గారు ఫ్రీజ్ నొక్కారు. స్క్రీన్ మీద మాటలు వచ్చాయి. తుత్తునాగం, కుక్కగొడుగు, బుంగమూతి. ఆయన స్పష్టంగా, మెల్లగా, కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టు పలికారు.

ఎర్రక్షరాలు. *విఫలం.*

"నా గొంతుని నన్నే కాదంటోంది," అన్నారు.

ప్రణవి ఏడుపు గొంతుతో, "సారీ అంకుల్," అంది. "నాదే తప్పు. మొదట మీ గొంతు నమోదు చేసిన ఎన్‌రోల్‌మెంట్ రోజు మీరు ప్రతి మాటకీ నవ్వారు. ఆంటీ పక్కనే ఉన్నారు కదా. నవ్వకుండా మళ్ళీ చెప్పండి అని అడగాలి. రూల్ అది. కానీ మీరు అంత పెద్దవారు, మా తాతగారి ఫ్రెండ్. మీకు కరెక్షన్ చెప్పడానికి నోరు రాలేదు. అలాగే సేవ్ చేసేశాను. సిస్టమ్ దృష్టిలో మీ గొంతు అంటే ఆ నవ్వుతో కలిపే. నవ్వు లేకపోతే మీరు మీరు కాదు."

ఇయర్‌పీస్‌లో ఆదిశేషు నిట్టూర్చడం వినిపించింది. "పెద్దవాళ్ళని కరెక్ట్ చెయ్యలేని మొహమాటం. ఎకో వాళ్ళ దగ్గర అన్నీ ఉన్నాయి, ఇదొక్కటే లేదు. అందుకే ఓడారు." ఒక్క క్షణం ఆగి, గొంతు మార్చాడు. "హర్షా, నవ్వులన్నీ కత్తిరించింది తన్వి. అంటే నవ్వులున్న టేకులు ఆమె దగ్గర ఉన్నాయి. తెలివైనది. ఇప్పటికే మళ్ళీ అతికిస్తూ ఉంటుంది."

"ఇంకొక్క ఛాన్సే ఉంది," అంది ప్రణవి. "దాన్ని ఎవరు ముందు కరెక్ట్‌గా వాడితే స్విచ్ వాళ్ళది. అది కూడా తప్పితే సిస్టమ్ అంతా ఆపేస్తుంది."

అందరూ రావు గారి వైపు చూశారు.

"అంకుల్," అన్నాడు హర్ష. "ప్లీజ్. ఒక్కసారి నవ్వాలి."

"ఎందుకు నవ్వాలి బాబూ?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. కోపం ఉంటే హర్షకి తేలికగా ఉండేది.

కామేశ్వరి గారికి మాత్రం కోపం ఉంది. "నవ్వించి మాటలు పట్టుకెళ్ళారు. మా ఇంట్లో కూర్చుని మా అన్నం తిన్నారు. ఇప్పుడు మళ్ళీ నవ్వమంటున్నారా? ఆ పిల్ల నా కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళింది. నీకు తెలుసా ఇదంతా, మొదట్నుంచీ?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. ట్రెయినింగ్ అలాంటిది. హర్ష దాన్ని మింగాడు.

"తెలుసు ఆంటీ. ఆమె వాళ్ళ మనిషని తెలీదు. మిగతాదంతా తెలుసు. రికార్డింగ్ అయ్యాక అంకుల్‌ని చంపడానికి వస్తారని తెలుసు. గార్డ్ పెట్టమని ఒకసారి అడిగాను. రెండోసారి అడగలేదు. వాళ్ళు దొరకాలని నాకే ఎక్కువ ఆశ. నేను బ్యాడ్ పని చేశాను."

నందిగామ యాస ఎప్పుడో జారిపోయింది. అమెరికాలో పుట్టిన పిల్లల తెలుగు బయటికొచ్చింది, వేళ్ళు పట్టుకుని నడుస్తున్నట్టు.

"నీది నందిగామ కాదు," అన్నారు రావు గారు.

"ఫ్రీమాంట్ అంకుల్. పేరు హర్షవర్ధన్."

"ఆ పేరు పెట్టినవాళ్ళకి చెప్పాలి, ఎంత హర్షం పెంచావో," అన్నారు కామేశ్వరి గారు.

రావు గారు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "ఇన్ని శనివారాలు నా మాటలన్నీ చెవుల్లో పోసుకున్నావు. ఒక్కసారీ నీ నోటితో అనలేదు. ఏదీ, అను. నేనేం ఇచ్చానో, నువ్వేం పట్టుకెళ్ళావో చూద్దాం. తుత్తునాగం."

అది శిక్ష అని హర్షకి అర్థమైంది. నిటారుగా నిలబడ్డాడు. ఓ పక్క ఊడిన గడ్డం, కిందకి జారిన పొట్ట.

"థూథూనాగమ్."

"ఉమ్మకు. మళ్ళీ."

"థుథ్-థునాగ్-అమ్."

"నాలుక లోపల పెట్టుకోవయ్యా, తెగిపోతుంది. పోనీ గుంటగలగర."

"గుంఠాగల్... గలగ్‌ర్ర్..." నోరు మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోయింది. బేడీల మనిషి నేల మీద నుంచి తలెత్తి చూశాడు. హర్షకి చెవులు కాలుతున్నాయి. తుపాకీ ఎదుట నిలబడ్డప్పుడు కూడా ఇంత చిన్నగా అనిపించలేదు. ఆపాలని లేదు. ఆపే హక్కు ఉందనీ అనిపించలేదు.

"ఆ మూడోది?" అన్నారు కామేశ్వరి గారు, కోపంగానే.

హర్ష ఊపిరి పీల్చుకున్నాడు. మూతి ముందుకు చాచాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "బంగా... బంగామూడీ."

కామేశ్వరి గారి ముక్కులోంచి చిన్న చప్పుడొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నారు. లాభం లేకపోయింది. "ఏమండీ," అన్నారు, కొంగులోంచి, "ఇన్నేళ్ళలో నా మూతిని ఎవరూ... బంగామూడీ అట... ఏదో ఇటలీ వంటకంలాగా..."

రావు గారు పెదాలు బిగించారు. భుజాలు కదిలాయి. పొట్ట కదిలింది. అక్కడ మొదలైంది, ఎక్కడ మొదలవ్వాలో అక్కడే. హర్ష మోకాళ్ళ మీద పడి ఫోన్ ఆయన నోటి దగ్గర పెట్టి ఫ్రీజ్ నొక్కాడు.

"వాళ్ళు కనెక్ట్ అవుతున్నారు," అంది ప్రణవి. "అంకుల్, క్విక్."

స్క్రీన్ మీద మొదటి మాట వచ్చింది. రావు గారు హర్ష మొహంలోకి చూశారు.

"బడుద్ధాయి," అన్నారు, నవ్వుతో ఊగుతూ. ఆ మాట అతనికే చెందాలని అన్నట్టు. "తుత్తునాగం. బుంగ... బుంగ..." ఆవిడ వైపు చూడకుండా ఉండలేకపోయారు. "బుంగమూతి."

స్క్రీన్ ఒక్క క్షణం ఆలోచించింది.

ఆకుపచ్చ.

"ఫ్రీజ్ అయింది," అంది ప్రణవి. ఈసారి నిజంగానే ఏడ్చేసింది. "వాళ్ళ ఆడియో గేట్ దగ్గరే ఉంది. ప్లే అవ్వడం మొదలయ్యాక ఫ్రీజ్ పడింది. లైన్ తెరిచే ఉంది. లొకేషన్ పంపిస్తున్నాను."

* * *

తన్వి ఎక్కువ దూరం పోలేదు. కార్పెట్ షాపు పక్కన, ఇండియన్ గ్రోసరీ ముందు పార్కింగ్‌లో, అద్దాలు నల్లబడిన ఎస్‌యూవీలో, ఒళ్ళో లాప్‌టాప్‌తో దొరికింది. ఆదిశేషు స్వయంగా వెళ్ళి అద్దం మీద తట్టాడు. ఆమె దగ్గరున్న నంబర్ల ఆధారంగా సాయంత్రానికి మరో రెండు రాష్ట్రాల్లో ఎకో మనుషుల్ని పట్టుకున్నారు.

హర్ష వెళ్ళేసరికి ఆమె కారు వెనక సీట్లో బేడీలతో కూర్చుని ఉంది. కళ్ళద్దాలు తిన్నగానే ఉన్నాయి.

"నవ్వు అతికించేశాను," అంది. "పర్ఫెక్ట్‌గా. ఇంకొక్క క్షణం ఉంటే అయిపోయేది. ఆయన్ని ఎలా నవ్వించావు?"

"నువ్వెప్పుడూ నవ్వొద్దనే అడిగేదానివి, అందుకే నీకు తెలీదు."

"ఓహో. మనవడివే అన్నమాట." నవ్వింది. ఆ గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "నన్ను చూసి అంత నీతిగా మొహం పెట్టకు హర్షా. అన్ని శనివారాలూ మైక్ పట్టుకున్నది నువ్వే."

హర్ష తలుపు మూశాడు. ఆమె చెప్పిన వాటిలో నిజం అదొక్కటే.

* * *

పాత మాటలన్నీ రద్దయ్యాయి. కొత్త మాటలు రికార్డ్ చెయ్యడానికి మర్నాడు ప్రణవి వచ్చింది. గుమ్మంలో షూస్ విప్పి, వాటిని వరసలో పెట్టింది. కాపలాకి యూనిట్ హర్షనే పంపింది. అతనే అడిగి వేయించుకున్నాడు.

లోపలికి రాబోతుంటే రావు గారు చెయ్యి అడ్డం పెట్టారు. కామేశ్వరి గారి పద్ధతిలో.

"నువ్వు బయటుండు."

"అంకుల్, నిన్నటి విషయం—"

"చూడు. అన్నం పెట్టమంటే మా ఆవిడ ఈరోజు కూడా పెడుతుంది. అది ఆవిడ గుణం. మాటలు మాత్రం ఇక నీ ముందు మాట్లాడను. అవి నేను మళ్ళీ మొదట్నుంచీ పోగేసుకోవాలి." ఆయన గొంతులో కటువు లేదు, తలుపు మాత్రం మూశారు.

హర్ష వెనక డెక్ మీద కుర్చీలో కూర్చున్నాడు. పక్కింటివాళ్ళ గడ్డి కోసే మెషిన్ చప్పుడు. లోపల ప్రణవి ధైర్యం తెచ్చుకుని, "అంకుల్, ఈసారి నవ్వకుండా చెప్పాలి," అంటోంది. "ఓ, తప్పకుండా," అన్నారాయన. ఏదో మాట అన్నారు. కామేశ్వరి గారు ఏదో తిప్పికొట్టారు. ముగ్గురూ నవ్వారు. ప్రణవి "మళ్ళీ" అంది. మళ్ళీ నవ్వారు. అలా ఎంతసేపో. కంపెనీ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ఎవరూ ఎత్తడం లేదు.

కిటికీ కొంచెం తెరిచే ఉంది. ఇంకో మాట గాలిలో తేలి వస్తోంది. మొదటి అక్షరం వినబడబోయింది.

హర్ష ఇయర్‌పీస్ పీకి జేబులో వేసుకున్నాడు. రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాడు. వినడమే వృత్తిగా బతికినవాడు, డ్యూటీలో ఉండి ఆ పని చెయ్యడం అదే మొదటిసారి. రిపోర్ట్‌లో మాత్రం, నిఘా సక్రమంగా జరిగిందనే రాశాడు.